గడ్డి మిషను షడ్జమం

నవ్వులపాలు కావడానికి నెల రోజులు సాధన చేసిన సంగీతం టీచరు జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి, వట్లూరు వైపు ఒక కాలేజీలో ఫిడేలు నేర్పేదాన్ని. ఆ ఏడు నా క్లాసులో మిగిలింది ఇద్దరే పిల్లలు. కరెస్పాండెంట్ గారు పిలిచి, కాఫీ ఇప్పించి మరీ చెప్పారు. “ఏమనుకోకండి మేడం. యాన్యువల్ డేకి నవ్వొచ్చేది ఏదైనా పెట్టండి. హాలు నవ్విందంటే క్లాసు ఉంటుంది. లేదంటే ఆ గది కంప్యూటర్ల వాళ్లు అడుగుతున్నారండి.” యాభైకి దగ్గర పడ్డ ఫిడేలు టీచరుకి ఇంకెవరు ఉద్యోగమిస్తారు? సరేనన్నాను.

ఆ దిగులుతో మెట్ల మీద కూర్చుని ఉంటే, తోటమాలి గారు గడ్డి కోసే మిషను స్టార్ట్ చేశారు. అది గుర్రుమని వచ్చి సరిగ్గా నా షడ్జమం మీద, నా ‘సా’ మీద నిలబడింది. అప్పుడే నవ్వించే ఐటం తట్టింది. తంబురా బదులు ఆ మిషను శ్రుతి పట్టాలి. కొమ్మలు కత్తిరించే మిషనుతో ఒక పిల్ల, ఆకులు ఊదే మిషనుతో ఇంకో పిల్ల సరళీ స్వరాలు పలికించాలి. మధ్యలో నా ఫిడేలు.

తోటమాలి గారిది కొల్లేరు లంక ఊరు. చేపల చెరువుల దగ్గర ఏళ్లతరబడి ఇంజన్లు నడిపిన మనిషి, ఆదివారాలు చర్చిలో పాడే మనిషి. “ఇంజనుకి ఒంట్లో బాగోకపోతే ముందు గొంతు మారిపోద్దండి” అనేవారు. రోజూ పొద్దున్నే కాలేజీ వెనక ఆయన తాడు లాగి మిషను స్టార్ట్ చేయడం, ఆ మోతకి నేను ఫిడేలు శ్రుతి చేసుకోవడం. ఆకులు ఊదే మిషను రిషభం దగ్గర ఎప్పుడూ జారిపోయేది. మా గురువుగారు బతికి లేనందుకు అప్పుడొక్కసారే సంతోషించాను.

యాన్యువల్ డే నాడు పెద్దమనుషులు వస్తున్నారని ఆయన చేత పొద్దుటి నుంచీ గడ్డి కోయించారు. ఆ సంగతి నాకు తెలుసు. చెమట పట్టిన చేతికి తీగ ఎంత మారుతుందో పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, వేడెక్కిన ఇంజను గురించి మాత్రం ఆలోచించలేదు. నెల రోజులూ మేం విన్నది చల్లటి ఇంజను గొంతు.

స్టేజీ మీద తాడు లాగగానే శ్రుతి పైకి వెళ్లిపోయింది. బిరడా తిప్పాను. అది ఇంకాస్త పైకి వెళ్లింది. మళ్లీ తిప్పాను. తీగ తెగి చెంపకి తగిలింది. హాలు ఘొల్లుమంది. ముందు వరసలో కరెస్పాండెంట్ గారు పొట్ట పట్టుకున్నారు. ఏడుపు మింగుకుంటూ మిగిలిన మూడు తీగలతో ఇంజను వెంట పడుతున్నాను, వాళ్లు ఇంకా నవ్వుతున్నారు.

తోటమాలి గారు ఇంజను ఆపేశారు.

దాన్ని కింద పెట్టి, కళ్లు మూసుకుని, “సా” అని పట్టారు. నెల రోజుల కిందటి సా, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా. పిల్లలు కూడా మిషన్లు ఆపేశారు. నేను మూడు తీగల మీదే స్వరాలన్నీ వాయించాను. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఒక్కరూ నవ్వలేదు. వెనక వరసల వాళ్లు లేచి భోజనాలకి వెళ్లిపోయారు.

తెర వెనక ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. “తప్పు నాదేనండి. ఇంజను వేడెక్కిపోయిందండి.”

“అవును, మీదే” అన్నాను. “వాళ్లు నవ్వుతున్నారు కదా, ఎందుకు ఆపారు?”

“మిమ్మల్ని చూసి నవ్వుతున్నారండి” అన్నారాయన, తల దించుకుని.

నేను ఫిడేలు పెట్టె మూసుకుని స్టేషనుకి వచ్చేశాను. ఆ వేసవిలో క్లాసు తీసేశారు. ఇప్పుడు ఇంట్లో నా కోసమే వాయించుకుంటున్నాను, శ్రుతిపెట్టె వాడను. ఆయన పట్టిన సా ఇంకా చెవిలో ఉంది. ఆయనకి క్షమాపణ మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.