తుమ్మును కప్పని సన్నాయి

మీరు వినలేదు. ఇంకెవరినో కాదు, ఇది చదువుతున్న మిమ్మల్నే అంటున్నాను. మీ ఇంటి పెళ్లికి పిలిచారు, మీ ఊరి తేరుకు పిలిచారు, పందిట్లో ఓ మూల చాప వేసి పొద్దంతా ఊదించుకున్నారు. ఒక్క రాగమైనా మొదటి నుంచి చివరిదాకా విన్నారా? పోయిన వారం మా చిన్నాయన చనిపోయాడు. మీరు వినకుండానే పోయాడు.

కబురు నాకు కర్నూలులో తెలిసింది. ఆలూరు బస్సు దిగిన మా ఊరి మనిషి ఒకాయన ఎదురై, "మీ మేళం ముసిలాయప్ప పాయ కదప్పా, తెలీదా?" అన్నాడు. వాన పడిందా అని అడిగితే పడలేదని చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఇంకో మాట కూడా చేర్చాడు. "శానా మంచోడు. ఊదేది మాత్రం అందరి మాదిరి ఊదింటే బాగుండు."

ఆ రెండో మాట కోసమే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం తగదని మిత్రులు హెచ్చరించారు. నాదబ్రహ్మ అనీ, సరస్వతీ పుత్రుడనీ రెండు ముక్కలు రాసి దణ్ణం పెట్టమన్నారు. ఆయన బ్రహ్మా కాడు, సరస్వతి కొడుకూ కాడు. మా అవ్వ కొడుకు. మేము మంగళ్లం. మా వాళ్ల చేతిలో ఒకవైపు కత్తి, ఒకవైపు సన్నాయి. రెండూ మీకు కావాలి. మేమే అక్కర్లేదు.

గట్టిమేళం సంగతి మీకు తెలుసు. తాళి కట్టే క్షణంలో పంతులు వేలు పైకెత్తుతాడు. డోలు, సన్నాయి ఒక్కసారిగా విరుచుకుపడాలి. ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, కాని మాట అన్నా పెళ్లికూతురి చెవిన పడకూడదని ఆ ఏర్పాటు. అంటే ఏమిటి? మీ దృష్టిలో సంగీతం అనేది తుమ్ము మీద కప్పే గుడ్డ. అంతకుముందు ఊదేవాడు ఏ రాగంలో ఎంత దూరం వెళ్లి ఉన్నా, వేలు లేచిందంటే ఆ రాగం అక్కడ తెగిపోవాలి. ఒకసారి తెగిన రాగాన్ని మళ్లీ ఎత్తుకోడానికి ఉండదు. అప్పటికి అందరూ భోజనాల పంక్తి దగ్గర ఉంటారు.

"ఎత్తిన రాగం ఒక్కటన్నా దింపనీలేదురా ఈ జనం" అనేవాడు చిన్నాయన. కోపంగా కాదు. నెత్తిన మోపు పెట్టుకుని, దింపే మనిషి కోసం దారిలో నిలబడినవాడు ఎట్లా అంటాడో అట్లా.

ఆయనకు మొదటి పాఠం మా తాత దగ్గర. తాత వాయించే తోడి రాగమే ఆయనకు బడి. ఆ తర్వాత బళ్లారి నాటకాలు. మొన్న మొన్నటి దాకా మా ఆలూరు బళ్లారి జిల్లానే గదా, కన్నడ కంపెనీలు వచ్చి డేరాలు వేసేవి. చిన్నాయన డేరా బయట కూర్చుని హార్మోనియం పాటలు పట్టుకునేవాడు. నాటకంలో రాజు పోయాడో రాణి పోయిందో ఆయనకు తెలియదు. ఏ పాట ఎక్కడ మలుపు తిరిగిందో మాత్రం తెలుసు. రంగస్థలం పాట మేళంలోకి తెచ్చినందుకు మా తాత చెంప పగలగొట్టాడు. చెంప రుద్దుకుంటూనే అదే పాట మళ్లీ ఊదాడట.

గుడి వాళ్లు మాన్యం ఇస్తాము, పూటపూటా వచ్చి ఊదమన్నారు. వద్దన్నాడు. ఇంట్లో జొన్నలు నిండుకున్న రోజుల్లో వద్దన్నాడు. మా చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది.

"భూమి ఇస్తామంటే కాదనేటోడు ఈ ఊర్లో నువ్వొక్కడే ఉండావు!"

"మాన్యం తింటే గంట కొట్టినప్పుడు ఊదల్ల. నాకు బుద్ధి పుట్టినప్పుడు గదా నేను ఊదల్ల?"

"బుద్ధి పుట్టినప్పుడు ఆకలైతాదా నీకు?"

"అది మాత్రం పుట్టకున్నా అయితాది" అని నవ్వేవాడు.

అట్లా ఎవరి కిందా లేకుండా, పిలిచిన ఊరికల్లా తిరిగాడు. ఆ తిరుగుళ్లలోనే కడప దర్గా ఉరుసుకు వెళ్లాడు. అక్కడ కవ్వాలీ పాడేవాళ్లు పొద్దున పొద్దున ఒక పాట అందుకున్నారట. చిన్నాయనకు ఒళ్లు జలదరించింది. మా తాత తోడి! అవే స్వరాలు. వేరే పేరు, వేరే నడక, వేరే దుఃఖం. వాళ్లు పాట ఆపి చాయ్ తాగుతుండగా, ఈయన ఉండబట్టలేక చంకలోని సన్నాయి తీసి, తాను విన్న మలుపును తాత తోడిలో పెట్టి ఊదాడు. పాడేవాళ్లలో పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"ఏం భాయ్, ఆడ ఏందో తిప్పినావే! మళ్లా తిప్పు ఒక తూరి."

మళ్లా. ఈ ఒక్క మాట గురించి చిన్నాయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! ఊదు అనేవాళ్లున్నారు, ఆపు అనేవాళ్లున్నారు. మళ్లా అన్నది ఆయనకు తెలిసి ఆ సాయెబు ఒక్కడే. "నీళ్లు ఒకటేరా, బావులు ఏరే" అని అప్పటినుంచి ఆయన అనే మాట. ఆ బావినీళ్లు, ఈ బావినీళ్లు కలిపి ఒక తోడి కట్టుకున్నాడు. ఏళ్ల తరబడి కట్టుకున్నాడు. దాన్ని ఒక్కసారి నిండుగా, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉండగా, ఎత్తుకుని దింపాలి. అంతకు మించి ఆయన ఈ లోకాన్ని అడిగింది లేదు.

ఎప్పుడూ సన్నాయి పీక నోట్లోనే ఉండేది. ఆ చిన్న రెల్లుముక్క ఎండితే పలకదని నానబెట్టుకునేవాడు. దారిన పోయేవాళ్లు ఏమడిగినా ఊఁ అనడమే. "పీక నోట్లో ఉంటే ఈయప్పకు పెండ్లాం కూడా కనపడదు" అని చిన్నమ్మ అందరికీ చెప్పేది. ఆయన దానికీ ఊఁ అనేవాడు.

ఇక ఆ పెళ్లి. మా పక్క ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంట్లో, ఆ రెడ్డిగారి కూతురి పెళ్లి. నేనూ పందిట్లో ఉన్నాను. ముహూర్తానికి ఇంకా టైముందని పంతులు నిదానంగా మంత్రాలు చదువుతున్నాడు. చిన్నాయన తోడి ఎత్తుకున్నాడు. మామూలుగా పంతులు వేలు చూసే పని డోలు వాయించే ఆయనది. ఆయన మా చిన్నమ్మ తమ్ముడే. వేలు లేవగానే సన్నాయి ఊదేవాడి తొడను మోకాలితో పొడవాలి. మా మేళాల్లో తరతరాల పద్ధతి అది. ఆ రోజు రాగం సాగుతుండగా డోలుకు పని లేదు. చేతులు డోలు మీద పెట్టుకుని ఆయన కూడా కళ్లు మూసుకున్నాడు. వేలు చూడాల్సినవాడు పాట విన్నాడు. నేరం అదీ.

పంతులు వేలెత్తాడు. చేయెత్తాడు. "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు. సన్నాయి దర్గా మలుపు తిరిగి పైకి పోతోంది. అవతల ముహూర్తం దాటుతోంది. పెళ్లికొడుకు చేసేది లేక తాళి కట్టేశాడు. సరిగ్గా అప్పుడు, హోమం పొగకు, పెళ్లికూతురి మేనత్త తుమ్మింది.

రెడ్డిగారు నడిపందిట్లో నుంచి వచ్చి సన్నాయిని చేత్తో పక్కకు తోశాడు.

"ఏమిరా, కచేరీ చేస్తాండావా? నా బిడ్డ పెండ్లా, నీ పెండ్లా?"

చిన్నాయనకు ఏం జరిగిందో అప్పటికి తెలియలేదు. పీక నోట్లో నుంచి తీసి, "ఇంగ రోంత ఉండాది సామీ" అన్నాడు, రాగం ఇంకొంచెమే మిగిలిందని.

పందిరంతా నవ్వింది. ఆ నవ్వు నాకింకా వినపడుతోంది. "ఇంగ రోంత ఉండాదంట!" అని వెక్కిరించారు. ఆ నవ్విన వాళ్లలో మీరూ ఉన్నారు.

ఆ ఏడు వానలు రాలేదు. సీమ అంతటా రాలేదు. బావులు ఎండాయి, పశువులు కబేళాకు పోయాయి, గంజి కేంద్రాల ముందు జనం ముంతలు పట్టుకుని నిలబడ్డారు. రెడ్డిగారి ఎద్దు చచ్చింది. ఎందుకు చచ్చింది? మేళం తప్పినందుకు! ఏమి శక్తి అయ్యా ఒక సన్నాయికి! చెరువుల్లో పూడిక తీయించని ప్రభుత్వాలకు, ధాన్యం దాచుకున్న ఆసాములకు లేని శక్తి చాప మీద కూర్చున్న మంగలికి ఉందన్నమాట. ఊరూరికీ మాట పాకింది. ఆయన్ను పిలవడం మానేశారు.

చిన్నాయన కత్తి మళ్లీ పట్టాడు. ముఖం వానలో నానిన గోడలా ఉండేది. పెళ్లికి అపశకునం అన్నవాళ్లే అరుగు మీద కూర్చుని మెడ చాచి ఆయన చేత గడ్డం గీయించుకున్నారు. నేనోసారి ఉండబట్టలేక అడిగాను. "చిన్నాయనా, వీళ్ల గొంతు మీద కత్తి పెట్టేటప్పుడు నువ్వు అపశకునం కాదా?"

"గమ్మునుండు అబ్బీ. నవ్వితే కత్తి కదులుతాది" అన్నాడు.

నా సాటి ప్రగతివాదులు ఇక్కడిదాకా చదివి, ఇదంతా మూఢనమ్మకాల జనం గురించి కదా అని సంతోషిస్తుంటారు. తొందరపడకండి. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మనవాళ్లు ఒక పెద్ద బహిరంగ సభ పెట్టారు. పీడిత కళాకారుడని చిన్నాయన్ను గౌరవంగా పిలిపించారు. జనం కూడేదాకా వాయించమన్నారు. మంచి ఖద్దరు కప్పారు. ఆయన పొంగిపోయాడు. ఇక్కడ పంతులు లేడు, తాళి లేదు. తోడి ఎత్తుకున్నాడు. సగంలో ఉండగా అధ్యక్షుడు వేదికెక్కి చెయ్యెత్తాడు. అంతే. ఉపన్యాసం కళల పునరుజ్జీవనం మీద.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో నేను సభ గొప్పదనం గురించి వాదిస్తుంటే, ఆయన తాపీగా విని అన్నాడు. "పంతులేమో వేలెత్తుతాడు. మీ అధ్యక్షుడు చెయ్యంతా ఎత్తినాడు. మీదే పెద్ద గట్టిమేళం అబ్బీ."

 

చివరి రోజుల్లో కూడా పొద్దున్నే పీక తడుపుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడట. ఎవరూ పిలవకపోయినా. ఆ కూర్చున్నవాడు అట్లాగే పోయాడు. మంగళవాద్యం చావుకు వాయించకూడదు గదా, నేను ఊరు చేరాక సన్నాయి లేకుండానే సాగనంపాము.

మూడో రోజున, ఇంటి వెనక సందులో నుంచి ఒకమ్మాయి వచ్చింది, చంకలో బిడ్డతో. ఆ రెడ్డిగారి కూతురు. పుట్టింటికి వచ్చి, చెప్పకుండా ఇటు వచ్చింది. చిన్నమ్మ ముందు కూర్చుని బిడ్డను ఒళ్లోకి మార్చుకుంది. తర్వాత అంది:

"అవ్వా, ఆ పొద్దు నేను తల వంచుకోని పీట మీద కూసున్న్యా. మా యత్త తుమ్మింది గూడా నాకు తెలీదు. సన్నాయొకటే వినపడతాండె. అది పైకి పోయి యాడనో నిలబడె, మా నాయన తోసేసె. ఆమీద యెట్ల దిగుతాదో తాతను అడగల్లనుకుంటి. ఇన్నేండ్లూ అనుకుంటానే ఉన్న్యా. మా ఇంట్లో తాత పేరెత్తనీరు."

చిన్నమ్మ అంతవరకూ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అడిగింటే బాగుండు గదా తల్లీ. ఆయప్ప ఆ మాట కోసమే రోజూ పీక తడుపుకోని కూసునె" అంది.

ఆ తోడి ఎట్లా దిగుతుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నాకు ఊదడం రాదు. డోలు ఆయనకు పైకి ఎక్కినంత వరకే జ్ఞాపకం. వినాలనుకున్న మనిషి ఒకరు ఉన్నారు, అదీ పక్క ఊరి పుట్టింటికి వచ్చిపోతూనే. ఆ సంగతి తెలియకుండానే ఆయన వెళ్లిపోయాడు. నా కోపమంతా పోగేసినా ఈ ఒక్క దానికి సరిపోవడం లేదు.

కాబట్టి సానుభూతి వద్దు. ఇవి కావాలి:

మేళం చాప మూల నుంచి తీసి పెళ్లిపీటల ఎదుట వేయండి.

భోజనం మేళగాళ్లకు చివరి పంక్తిలో కాదు, మీ పంక్తిలో పెట్టండి.

సభలు పెట్టే మిత్రులారా, జనాన్ని పోగెయ్యడానికి డప్పు కొట్టించుకోండి, అదీ కొట్టేవాడు ఒప్పుకుంటే. రాగం ఎత్తుకున్నవాడి ముందు మీ చెయ్యి ఎత్తకండి.

ఆ అమ్మాయిని సందులో నుంచి రానివ్వకండి. పట్టపగలు, వాకిట్లో నుంచి రానివ్వండి.

వాన రాకపోతే ప్రభుత్వాన్ని అడగండి.

తాళి కట్టేటప్పుడు ఎవరికైనా తుమ్ము వస్తే తుమ్మనివ్వండి.

మా ఇంట్లో కొయ్యకు ఆయన సన్నాయి వేలాడుతోంది. దారానికి కట్టిన పీకలు ఎండి, గాలికి ఒకదానికొకటి తగిలి టిక్కు టిక్కుమంటున్నాయి. ఊదడం వచ్చినవాడు ఎవడైనా, ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా వచ్చి ఒకటి తీసి తడుపుకోండి. మిగిలినవాళ్లు ఎదురుగా కూర్చోండి. ఆ మనిషి తనంతట తాను పీకను నోట్లో నుంచి తీసేదాకా లేవకండి.