నున్నగా చేసిన వీధి

మాచర్లలో నాపరాళ్ళకు పాలిష్ పట్టే కోటేశ్వర్‌కి ఒక గర్వం ఉంది. తన మిషన్ కింద నుంచి వెళ్ళిన బండ మీద గరుకు మిగలదు. పని అయ్యాక కళ్ళు మూసుకుని, అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూస్తాడు. ఎక్కడ చేతికి తగిలినా మళ్ళీ మిషన్ ఎక్కించాల్సిందే. ఇంకో పని అతనికి రాదు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో గుంటూరు నుంచి ఒక కళాసంస్థ వాళ్ళొచ్చి, కోటేశ్వర్ ఉండే వీధిలోని బడిలో శిబిరం పెట్టారు. వికలాంగులైన కళాకారులు నెలపాటు అక్కడే ఉండి, ఊళ్ళో దొరికే వాటితోనే ఏదైనా చేసి, చివరి రోజు ప్రదర్శనలో పెట్టాలి. కోటేశ్వర్ ఎదురింటి సబీహా కూడా చేరింది. పుట్టుకతో చూపు లేని పిల్ల, అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది. రాయి ఇచ్చింది కోటేశ్వరే. షెడ్డులో ఓ మూల చోటు కూడా ఇచ్చాడు. నెలంతా ఆ పిల్ల ఉలి పట్టుకుని, దుమ్ము మింగుతూ ఆ రాయితోనే ఉంది.

ప్రదర్శన రోజు పొద్దున్నే షెడ్డు తెరిచిన కోటేశ్వర్ ఆ రాయిని చూశాడు. అంతా గీతలు, గుంటలు, మిట్టలు. అయ్యో, చూపు లేని పిల్ల, ఎగుడుదిగుడుగా వదిలేసింది, పదిమందిలో నగుబాటు అవుతుందే అని మనసు కరిగిపోయింది. జాలి పడ్డ మనిషి ఒకసారి అడిగి చూడొచ్చు కదా! అడగలేదు. నీళ్ళు కొట్టి మిషన్ ఎక్కించాడు. చివర్న అలవాటుగా కళ్ళు మూసుకుని తడిమాడు. చేతికేమీ తగల్లేదని సంతోషించాడు.

సబీహా వచ్చి రాయి మీద చెయ్యి పెట్టింది.

"బాబాయ్, నా రాయేది?"

"నీ చేతి కిందదేనమ్మా. అద్దంలా చేశా, చూడు."

ఆ చెయ్యి అంచు నుంచి అంచుకు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"మన వీధి చెక్కాను బాబాయ్. గడపలు, మెట్లు, అన్నీ. నాలాంటోళ్ళు తడిమి చూత్తారని. మీ గడప కూడా ఉండె."

ఇన్నేళ్ళుగా ఏ రాయినైనా చేత్తో చూసిన కోటేశ్వర్, ఈ ఒక్కదాన్ని మాత్రం కళ్ళతో చూసి ఊరుకున్నాడు. మిషన్ ఎక్కించే ముందు ఒక్కసారి తడిమినా తన గడప తన చేతికి తగిలేది.

ఇంకో రాయి చెక్కే వ్యవధి లేదు, సాయంత్రానికి శిబిరం ఎత్తేస్తారు. ఆ రాయినే బడిలో ప్రదర్శన బల్ల మీద పెట్టమంది సబీహా. వచ్చినవాళ్ళు తడిమి, "అబ్బ, చానా నున్నగా ఉందే!" అని మెచ్చుకున్నారు. అలా నున్నగా చేసిందెవరో సబీహా చెప్పలేదు. కోటేశ్వర్ గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

జనం వెళ్ళాక దగ్గరికెళ్ళాడు. "తప్పు చేశానమ్మా. ఏందిట్టా చేశావని నోటికొచ్చినట్టు తిట్టు."

సబీహా రాయి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"తిడితే నీకు తేలికైపోద్ది బాబాయ్."