వంటింట్లోకి నడిచొచ్చిన చెప్పులు

నా చిన్నప్పుడు మా అమ్మ మడమలో కొమ్ము మొలిచింది. ఒట్టు, ఎక్స్‌రేలో నా కళ్లతో చూశాను. గులాబీ ముల్లంత ఉన్న ఆ ఎముకని బళ్లో చెప్పేసరికి ఎద్దుకొమ్మంత చేశాను. మూడు రోజులు నా చుట్టూ జనమే.

ఆ సరదా నాకే. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు అమ్మ గోడ పట్టుకుని కళ్లు మూసుకునేది. నాన్నకి స్టీల్ ప్లాంటులో షిఫ్టులు, క్వార్టర్లో పనంతా అమ్మ కాళ్ల మీదే నడిచేది. ఆపరేషన్ అంటారేమోనన్న భయంతో, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు బస్సు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

డాక్టరు కత్తి ఊసే ఎత్తలేదు. అలాంటి ముల్లు నొప్పి లేనివాళ్లకీ ఉంటుందట, అసలు గొడవ పాదం అడుగున చర్మం లోపల, మడమ నుంచి వేళ్లదాకా సాగే పట్టీదట. మంచం దిగకముందే తువ్వాలుతో కాలివేళ్లు వెనక్కి లాగమన్నాడు. గోడకి చేతులానించి పిక్కలు సాగదీయమన్నాడు. గడ్డకట్టిన నీళ్ల సీసాని పాదం కింద దొర్లించమన్నాడు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా గచ్చు మీద కాలు పెట్టొద్దన్నాడు. కొన్ని నెలలు ఓపిక పడితే చాలామందికి కోత లేకుండానే తగ్గుతుందన్నాడు.

అన్నీ చేసింది అమ్మ, ఆ చెప్పుల సంగతి తప్ప. మా ఇంట్లో చెప్పులు గుమ్మం దాటి లోపలికి రావు. అమ్మ గంటల తరబడి నిలబడే వంటింట్లోనే దేవుడి అలమర. మా నాన్నమ్మ గోదావరి జిల్లా నుంచి దేవుడి పటాలతో పాటు ఆ పట్టింపునీ తెచ్చుకుంది. ఆవిడ వద్దనలేదు. అమ్మ అడగలేదు. కొత్త చెప్పులు పెట్టెలోనే ఉండిపోయాయి. రెండు నెలలైనా నొప్పి తగ్గక, "ఇంక కోయించేసుకుంటానండీ" అని అమ్మ నాన్నతో ఏడుస్తూ అంది. నేను విన్నాను. నాన్నమ్మా వింది.

మర్నాడు నాన్నమ్మ కుంటుతూ లేచింది. తన మడమా పట్టేసిందని, తనకీ చెప్పులు కావాలని నాన్న ప్రాణం తీసింది. సాయంత్రం ఆయన తెచ్చిన నీలం చెప్పుల్ని కుళాయి కింద కడిగి, తొడుక్కుని, టపాటపా వంటింట్లోకి నడిచింది. దేవుడి ముందు ఆగి, "ముసలిదాన్ని, ఏవనుకోకు సామీ" అంది. అమ్మ వైపు తిరిగి, "నువ్వూ వేసుకోవే అమ్మాయ్. పాపమైతే చెరిసగం పంచుకుందాం" అంది.

అమ్మ వెళ్లి చెప్పుల పెట్టె తెరిచింది.

"ఏటమ్మా, అత్తాకోడళ్లు ఒకేపాలి కుంటతన్నారేటి?" అని చేపలమ్మే ఆవిడ గేటు దగ్గర బుట్ట దించి మరీ నవ్వింది.

ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, మేడ మీద వడియాల దగ్గర వాలిన కాకి వెనక నాన్నమ్మ ఉత్తికాళ్లతో పరుగెత్తడం చూశాను. అదేమిటి, నిన్న కుడికాలు, ఇవాళ పొద్దున్న ఎడమకాలు కదా నొప్పి అని నిలదీశాను. చెవి మెలేసి, "అది అటూ ఇటూ తిరుగుతుందిరా. అమ్మకి చెప్పావంటే తోలు తీస్తాను" అంది.

ఏ కబురూ కడుపులో దాచుకోలేని నేను ఆ ఒక్కటీ దాచాను. నాలుగైదు నెలలకి అమ్మ గోడ పట్టుకోకుండా మంచం దిగింది. విచిత్రంగా అదే వారం నాన్నమ్మకీ నయమైంది.

ఇప్పటికీ, తమకి హాయినిచ్చేదాన్ని తీసుకోడానికి ఎవరైనా మొహమాటపడుతుంటే నేను మంచిమాటలేవీ చెప్పను. ముందు నేనే కుంటడం మొదలెడతాను.