చీటీలో చివరి వరుస

పాతబస్తీలో వెయ్యి మంది చేత, వాళ్ల నోటితోనే, దేవుడు లేడని పలికించిన మనిషిని నేను. మసీదుకు పోయేవాళ్లు, గుడికి పోయేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు, అందరూ పలికారు. ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. కూర్చోబెట్టి, కళ్లద్దాలు పెట్టి, చదవమన్నానంతే.

పత్తర్‌గట్టి వెనక సందులో నాది కళ్లద్దాల దుకాణం. సగం నాది, సగం గడియారాలు బాగుచేసే భాయ్‌ది. మధ్యలో గోడ లేదు, ఇద్దరికీ ఒకటే ఫ్యాను. నేను కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి, అది పడక దుకాణం పెట్టినవాణ్ణి. ఆయన తాతల నాటి నుంచీ ఇక్కడే. ఆయన ఐదు వేళలా నమాజుకు లేస్తాడు, నేను ఏ వేళా ఎక్కడికీ లేవను. ఈ సంగతి మా మధ్య ఎన్నడూ చర్చకు రాలేదు.

చర్చంతా బయటివాళ్లతోనే. దుకాణం అన్నాక మనిషి కదలకుండా దొరుకుతాడు కదా. ఒకాయన వచ్చి స్వర్గం సంగతి చెప్పి కరపత్రం ఇచ్చేవాడు. ఇద్దరు ఆడవాళ్లు లోకం అంతమైపోతుందని నవ్వుతూ చెప్పి వెళ్లేవారు. భజన సంఘం వాళ్లు బొట్టు లేని నా నుదుటికేసి జాలిగా చూసేవారు. దేవుడు లేడనేవాళ్లూ వచ్చారు. వాళ్లది నా మాటే, అయినా గంటసేపు వదల్లేదు. అందరి కాగితాలూ నా బల్ల మీదే. మరి నా కాగితం నేనెందుకు పెట్టుకోకూడదు?

దగ్గరి చూపు పరీక్షకు ఒక చీటీ ఉంటుంది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. చివరి వరుస చదివితే ఆ నంబరు సరిపోయినట్టు. నేను సొంతంగా ఒక చీటీ రాసి ఛత్తాబజార్‌లో అచ్చు వేయించాను. పై వరుసల్లో వాన, వంకాయ, ఎండ, రైలు. అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, అడుగున: దేవుడు లేడు.

జనం చదివారు. కొందరు చదివి చెంపలు వేసుకున్నారు.

ఒకరోజు మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్మే ఆవిడ వచ్చింది. నాకన్నా కాస్త పెద్దదే. మనవరాలి పలక మీద అక్షరాలు నేర్చుకుందట. పొద్దున బేరం మొదలుపెట్టే ముందు స్తోత్రాల పుస్తకంలో ఒక పేజీ చదువుకోవడం ఆవిడ అలవాటు. ఆర్నెల్లుగా అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

“కోడలితోని చదివిపిచ్చుకుంటున్న సారూ. అది బస్సు దాటిపోతున్నట్టు ఉరుక్కుంట చదువుతది. నా కండ్లతోని నేను చదువుకోవాలె.”

రెండో నంబరు అద్దాలు పెట్టాను. రైలు దాకా గడగడా చదివింది. అక్కడ ఆగింది.

“కింద ఇంకో వరుస ఉందమ్మా.”

“కనవడ్తలేదు సారూ.”

రెండున్నర పెట్టాను. కనబడలేదు. మూడు పెట్టాను. అదీ లేదు.

భాయ్ కంటికి బిగించిన భూతద్దం తీసి, “ఇంకో చీటీ పెట్టి సూడరాదు భాయ్?” అన్నాడు. నేను వినిపించుకోలేదు. మూడున్నర దగ్గర ఆవిడే విసిగి, “గిది చాలు సారూ” అంది. ఆ నంబరుకే అద్దాలు చేసిచ్చాను.

వారానికి తిరిగొచ్చింది. తలనొప్పట. పుస్తకం ముక్కుకు ఆనిస్తే గానీ అక్షరం నిలవడం లేదట. అప్పుడు నాకు వెలిగింది. చివరి వరుస ఆవిడకు మొదటి నుంచీ కనబడుతూనే ఉంది. ఆ మాట నోట అనడం ఇష్టం లేదు. నా దుకాణంలో కూర్చుని నా మాట కాదనడమూ ఇష్టం లేదు. కరపత్రాలవాళ్లకు నేను వద్దని చెప్పగలిగాను. నా చీటీని వద్దంటే ఆవిడకు చూపు రాదు. చేతులు జోడించి క్షమాపణ అడిగాను, చీటీ అక్కడికక్కడే చింపేశాను, అద్దాలు మార్చిచ్చాను.

వెయ్యి మంది అన్నాను కదా. ఆ చీటీ నా బల్ల మీద నిండా నెల కూడా లేదు. ముప్పై మంది చదివారేమో. వాళ్లలో సగం మంది ఏం చదువుతున్నదీ గమనించనే లేదు. అద్దాల దుకాణంలో మనిషి అక్షరాలు చూస్తాడు, అర్థం చూడడు. దాన్ని చదివి దేవుణ్ణి వదిలినవాడు ఒక్కడూ లేడు. సరిగ్గా చదివింది ఆవిడొక్కతే, పలకకుండా.

ఇంతవరకూ రాసి భాయ్‌కి చదివి వినిపించాను. ఆయన గడియారం మీంచి తల ఎత్తలేదు.

“మాఫీ ఎప్పుడడిగినవ్ భాయ్? ఆమె తలనొప్పని మళ్ల వచ్చినప్పుడు నువ్వు చాయ్‌కి పోయినవ్. నేనే నీ డబ్బాల నుంచి రెండో నంబర్ తీసి, ఆమె పుస్తకం ఆమె చేతికే ఇచ్చి చదవమన్న. మంచిగ చదివింది. కింది లైన్ సంగతి నాతోని చెప్పింది, నీతోని గాదు. నువ్వొచ్చి ఏమన్నవో యాదున్నదా? నంబర్ కరెక్టే, ఆవిడదే మొండితనం అన్నవ్. చీటీ చింపింది నేను. నువ్వు ముక్కలేరి మళ్ల అతికిచ్చినవ్ సూడు, గది రాయలే.”