పిన్నుతో పెట్టిన చీటీ

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. ఆవిరితో ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం దగ్గర పదకొండేళ్లుగా నిలబడుతోంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. కోపం వస్తే కుక్కరు కూతపెట్టినట్టు మాట్లాడుతుంది కాబట్టి వచ్చిందని మిగతావాళ్లంటారు. రెండూ నిజమే. ఆమె ఎదుట మాత్రం మొదటిదే చెబుతారు, ఎవరి ప్రాణం వాళ్లకి తీపి.

పదకొండేళ్లూ కాంట్రాక్టు మీదే. ఏడాదికోసారి పిలిచి సంతకం పెట్టించుకుంటారు, మళ్లీ ఏడాది దాకా ఆ మనిషి ఉందన్న సంగతే మరిచిపోతారు. ఇన్నాళ్లకి ఈ ఏడు లాండ్రీ సూపర్‌వైజర్ పోస్టు పడింది. పర్మనెంటు. వయసు నలభై అయిదు దాటకూడదు. ఆవిరక్కకి నలభై అయిదు నిండటానికి ఇంకా నెలా పది రోజులుంది. ఈసారి తప్పితే ఇక లేదన్నమాట. ఓపిక ఉన్నన్నాళ్లు కాంట్రాక్టు, ఓపిక అయిపోయిన రోజున ఇంటికి.

ఇంటర్వ్యూకి కూతురే తయారుచేసింది. కాలేజీలో చదివే పిల్ల, నాలుగు రోజులు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. "మీలో ఉన్న లోపం ఏంటి అని అడుగుతారమ్మా, ఏం చెప్తావ్?" అంటే, తల్లి ఆలోచించేలోపే వంటింట్లోంచి "నోరు" అని తండ్రి జవాబిచ్చాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. నలభైమంది పిల్లల గోలలో రోజూ బండి నడిపే మనిషి కాబట్టి ఇంట్లో దేనికీ చలించడు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. ప్రశ్నలడిగింది మధ్యలో ఉన్న స్టోర్సు ఆఫీసరు. ఆయన వచ్చి ఏడాదయింది. లాండ్రీలోకి ఒక్కసారి వచ్చి, వేడికి తట్టుకోలేక గుమ్మంలోంచే వెళ్లిపోయాడు. ఆయన చేతిలో నీలం అట్ట వేసిన అచ్చుపుస్తకం ఉంది. లాండ్రీ పని ఎలా చేయాలో అందులో ఉంటుందట. పని చేసేవాళ్లెవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు.

మొదటి రెండు ప్రశ్నలూ బాగానే గడిచాయి. మూడోది వచ్చింది.

"ఆపరేషన్ థియేటర్ నుంచి మాసిన గుడ్డల మూట వచ్చింది. మొట్టమొదట ఏం చేస్తారు?"

ఆవిరక్కకి నవ్వొచ్చినంత పనయింది. "బల్ల మీద పెట్టి విప్పుతానండి. పొడుగు పటకారుతో ఒక్కో గుడ్డా విడదీసి, సూదులో బ్లేడులో ఉన్నాయేమో చూస్తాను."

"దానికంటే ముందు?"

"దానికంటే ముందు గ్లవ్స్ వేసుకుంటానండి."

ఆఫీసరు పుస్తకంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "ముందు తూకం వేయాలమ్మా. ఇక్కడ స్పష్టంగా ఉంది. 'మూట రాగానే కాటా మీద పెట్టాలి. తడిగుడ్డ తన బరువు దాచుకుంటుంది, అడిగితేనే చెబుతుంది.' మీరు ఈ పుస్తకం చదివినట్టు లేదు."

తడిగుడ్డ తన బరువు దాచుకుంటుంది. ఆ మాట చెవిన పడగానే ఆవిరక్క గుర్తుపట్టింది. అది ఆమె రాసిన మాట. చేరిన ఏడాది, కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుందని గళ్ల నోటుపుస్తకంలో తన చేత్తో రాసుకున్న మాట. అప్పట్లో కాటా గుమ్మం పక్కనే ఉండేది కాబట్టి ముందు తూచేవాళ్లు. రెండో ఏడు ఆమె పక్కన పనిచేసే స్నేహితురాలు ఒక మూటను రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకుని కాటా దగ్గరికి మోసింది. గుడ్డల మడతలో మిగిలిపోయిన సూది ఆమె మోచేతి పైన దిగింది. ఆరు నెలలు రక్తపరీక్షలు. ఏమీ కాలేదు గానీ ఆ ఆరు నెలలూ ఆమె కన్నబిడ్డని దగ్గరికి తీసుకోవటానికి కూడా భయపడింది. తర్వాత పని మానేసి వెళ్లిపోయింది.

సూది దిగిన రోజే ఆవిరక్క పద్ధతి మార్చింది. ముందు విప్పాలి, తర్వాతే తూచాలి, మూటను ఒంటికి ఆనించి ఎత్తకూడదు. ఒక చీటీ మీద రాసి పాత పేజీ మీద పిన్నుతో పెట్టింది. అంటించటానికి ఆ ఆవిరి గదిలో ఏ జిగురూ నిలవదు. మూడేళ్ల కిందట ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, రెండు రోజుల్లో ఇస్తామని నోటుపుస్తకం పట్టుకెళ్లి రెండు వారాలకి ఇచ్చారు. జిరాక్సు అద్దం గీసుకుపోతుందని పిన్ను తీసేసి ఉంటారు, చీటీ పోయింది. నాలుగు తిట్లు తిట్టి ఆవిరక్క కొత్త చీటీ పెట్టుకుంది. ఆ జిరాక్సుతో వాళ్లేం చేస్తారో అడగాలని ఆమెకి తోచలేదు.

ఇదిగో, ఇది చేశారు. నీలం అట్ట వేశారు. అట్ట మీద స్టోర్సు విభాగం వారిచే రూపొందించబడినది అని అచ్చువేశారు. తాతకు దగ్గు నేర్పటం అంటే వినటమే గాని, తాత దగ్గునే కాజేసి తాతకి నేర్పటం ఆవిరక్క ఆ రోజే చూసింది.

అయినా ఆమె ఏం చేసింది? ఆ పుస్తకం నాది అందా? పేజీ తప్పు అందా? నోటికి పేరుమోసిన ఆవిరక్క, నోట్లో నాలుక లేనట్టు, "సారీ సార్" అంది. ఇంకా మూడు ప్రశ్నలకి చిన్న గొంతుతో జవాబులు చెప్పి, దండం పెట్టి వచ్చేసింది.

వారానికి నోటీసు బోర్డు మీద మార్కులు పెట్టారు, ప్రశ్నలవారీగా. మూడో ప్రశ్నకి అయిదు మార్కులు, ఆవిరక్కకి సున్నా. ఎక్కడో డిప్లొమా చదివిన ఇరవయ్యారేళ్ల అమ్మాయికి డెబ్బై ఒకటి, ఆవిరక్కకి అరవై ఎనిమిది. ఆమె వేలితో ఆమె కన్నే పొడిచారు.

ఇంటికెళ్లి చెబితే కూతురు భగ్గుమంది. "కంప్లయింట్ రాయమ్మా. నేను టైప్ చేసిస్తాను."

భర్త పళ్లెం ముందు కూర్చుని, "పోనీలే. ఉన్న పని ఎక్కడికీ పోలేదుగా," అన్నాడు.

పోనీలే అన్న మాట ఎవడు కనిపెట్టాడో గాని వాడికి ఎప్పుడూ ఏదీ పోయి ఉండదు. "ఏం పోనివ్వాలి? నా పదకొండేళ్లు పోనివ్వనా? రేపు మీ బస్సుని ఇంకొకడికిచ్చి, వాడికి గేర్లు ఎలా వేయాలో మీరే నేర్పండంటే అప్పుడనండి పోనీలే అని," అంది ఆవిరక్క. ఆ పూట గిన్నెలు తోమిన చప్పుడుకి పక్కింటివాళ్లు కిటికీలోంచి చూశారు. నిజానికి ఆమెకి ఆఫీసరు మీదున్న కోపం ఒక ఎత్తు, తన నోట్లోంచి వచ్చిన ఆ సారీ మీదున్న కోపం ఒక ఎత్తు. గిన్నె తోముతున్నా అదే, దుప్పటి మడతపెడుతున్నా అదే. ఎందుకన్నాను? ఎవరికి చెప్పాను? ఏం తప్పు చేశానని?

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకో కాగితం వచ్చింది. కొత్త సూపర్‌వైజర్‌కి పదిహేను రోజులు పని నేర్పవలసిందట. ఎవరు? ఆవిరక్కే.

"ఒక్క ముక్క చెప్పను," అని ఇంట్లో గట్టిగా చెప్పి మరీ వెళ్లింది. "పుస్తకం ఉందిగా, చదువుకోనీ."

కొత్తమ్మాయి పొద్దున్నే వచ్చింది. చంకలో నీలం అట్ట పుస్తకం. ఆవిరక్క చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఆ పిల్ల దగ్గరికొచ్చి, "మీకు పెద్దగా శ్రమివ్వను అక్కా, పుస్తకం మొత్తం బట్టీపట్టేశాను. ఎవరు రాశారో గాని అమ్మ పక్కన కూర్చుని చెప్పినట్టు రాశారు," అంది.

ఆవిరక్క మొహం పక్కకి తిప్పుకుంది. నోరు తెరిస్తే ఏమొస్తుందో ఆమెకే తెలియదు.

ఇంతలో థియేటర్ నుంచి తోపుడుబండి వచ్చింది. పైన ఆకుపచ్చ గుడ్డల మూట, ఇంకా తడిగానే ఉంది. కొత్తమ్మాయి పుస్తకం బల్ల మీద పెట్టి, గ్లవ్స్ వేసుకుని, కాటా వైపు ఒకసారి చూసుకుని మూట ముందు రెండు చేతులూ చాపింది.

ఎత్తనీ. ఆవిరక్క మనసులో అనుకున్న మాట అదే, దాచటం దేనికి. ఎత్తనీ, అయిదు మార్కులొచ్చిన జవాబు ఎలా ఉంటుందో చూద్దాం. ఆ అమ్మాయి వంగింది. చేతులు మూట చుట్టూ పడ్డాయి. గుండెకి హత్తుకోబోతోంది.

"వదులు!"

యంత్రాల మోతలో కూడా ఆ కేక లాండ్రీ అంతా వినపడింది. కొత్తమ్మాయి మూట వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిరక్క పటకారు తీసుకొచ్చింది. బండిని బల్లకి ఆనించి, మూటను మెల్లిగా బల్ల మీదికి దొర్లించి విప్పి, ఒక్కో గుడ్డా విడదీసింది. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. అయిదో గుడ్డ మడతలో వంకర సూది తళుక్కుమంది.

కొత్తమ్మాయి తన గుండెల వైపు చూసుకుంది. "పుస్తకంలో ముందు తూచమని ఉంది కదక్కా," అంది.

"ఉంటుంది. పిన్ను తీసేసిన పుస్తకం అది," అంది ఆవిరక్క. అని ఉన్నదున్నట్టు అంతా చెప్పింది. విన్నాక ఆ పిల్ల నీలం అట్ట పుస్తకం తెచ్చి, ఆ పేజీ తెరిచి ఆమె చేతిలో పెట్టింది.

ఆవిరక్క చీటీ రాసింది. చిరుగులు కుట్టే మిషను దగ్గర కూర్చుని, ఆ చీటీని పాత పేజీ మీద నాలుగు వైపులా ఆకుపచ్చ దారంతో కుట్టేసింది. పటకారుతో సూదిని మూత ఉన్న డబ్బాలో వేసుకుని, పని దుస్తులతోనే మేడ మీదికి వెళ్లింది. అదే గది. అదే బల్ల వెనక స్టోర్సు ఆఫీసరు.

"మూడో ప్రశ్నకి జవాబు తెచ్చానండి," అని డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. పుస్తకం తెరిచి పక్కన పెట్టింది.

ఆయన సూదిని చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. చీటీ చదివాడు. కింద ఏముందో చూద్దామని గోటితో దాని అంచు లేపబోయాడు.

"రాదు సార్. కుట్టాను."

"ఎవరు రాశారిది?"

"మీరు సున్నా వేసిన మనిషి. చీటీనే కాదు, పుస్తకం మొత్తం. గళ్ల నోటుపుస్తకం కింద లాండ్రీలో ఉంది, వచ్చి చూసుకోండి. ఈసారి వేడికి భయపడి గుమ్మంలోంచే వెళ్లిపోకండి."

ఆఫీసరు పుస్తకం అట్ట ఒకసారి చూశాడు, చీటీ మీది రాత మళ్లీ చూశాడు. ఆర్డర్లు వెళ్లిపోయాయని, ఇప్పుడు తన చేతుల్లో ఏమీ లేదని గొణిగాడు. అది ఆమెకి తెలిసిందే. చివరికి తల ఎత్తకుండానే, "సారీ అమ్మా," అన్నాడు.

"ఆ మాట నేను ఈ గదిలోనే మీకు చెప్పాను సార్," అంది ఆవిరక్క. "తప్పు చేయకుండా చెప్పాను. మీది మీ దగ్గరే ఉంచుకోండి, నాది నాకిచ్చేయండి."

డబ్బా అక్కడే వదిలేసి కిందికి వచ్చింది. కొత్తమ్మాయి రెండో మూటను బల్ల మీదికి దొర్లించి, పటకారు చేతిలో పట్టుకుని ఆమె కోసం ఎదురుచూస్తోంది.