పాలసీలో ప్రధాన డ్రైవరు

మా మనవరాలిని ఇంట్లో అందరం బుల్లి అంటాం. మనిషి కూడా అంతే, పై అరలో డబ్బా కావాలంటే నన్ను పిలుస్తుంది. ఫిజియోథెరపీ చదివింది. మంచం పట్టినవాళ్ల కాళ్లూ చేతులూ ఆడించి, మళ్లీ లేపి నిలబెట్టే పని. చదువు పూర్తయ్యాక చాలాకాలం ఖాళీగా ఉండి, చివరికి ఒక క్లినిక్‌లో ఉద్యోగం దొరికించుకుంది. రోగుల ఇళ్లకు తిరగాలి కాబట్టి కారుండాలి, ఆ కారు తను నడపడానికి బీమా ఉండాలి. సోమవారానికి పాలసీ చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

కారు మా ఇంట్లోనే ఉంది. నాదే. కంటి ఆపరేషన్ తర్వాత నడపవచ్చని డాక్టరు అన్నాడు, వద్దని మా ఆవిడ అంది. ఈ ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి నా పని దాన్ని తుడవడమే.

కళ్లజోళ్ల దుకాణం నడిపే మా అబ్బాయి బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. చిన్న వయసు, కొత్త లైసెన్సు అనగానే అవతలివాళ్లు చెప్పిన ప్రీమియం విని, ఫోను రెండో చెవికి మార్చుకుని మళ్లీ అడిగాడు. ఆ చెవిలోనూ అంతే వినపడింది.

"ఒక పని చేద్దాం," అన్నాడు ఫోను పెట్టేసి. "కారు నడిపేది నాన్న అని చెబుదాం. ఆయన ప్రధాన డ్రైవరు. బుల్లి ఎప్పుడో ఓసారి నడుపుతుందని పక్కన దాని పేరు రాయిద్దాం. సగానికి సగం తగ్గుతుంది."

"కానీ నడిపేది నేనేగా నాన్నా?" అంది బుల్లి.

"కాగితం మీద మాత్రమేనే తల్లీ."

"బీమా ఉండేది కాగితం మీదేగా?"

ఆ పిల్ల మాట అక్కడితో వినుంటే ఈ కథే లేదు. కానీ ప్రధాన డ్రైవరు అన్న మాట నా చెవిలో పడిపోయింది. ఇంట్లో ప్రధానం అన్న మాట నా పేరు పక్కన చేరి ఎన్నేళ్లయిందో! "దాని సంగతి నాకొదిలెయ్యండి," అన్నాను. నాకు వదిలేసిన పనులు ఏమయ్యాయో తెలిసిన మా ఆవిడ తల పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం కారు చూడటానికి బీమా కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో పలకలాంటి కంప్యూటరు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు కూర్చోబెట్టినట్టు నిటారుగా కూర్చున్నాను.

"కారు రోజూ మీరే నడుపుతారా సార్?"

అవునంటే సరిపోయేది. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నా ఒంటికి పడదు.

"రోజూ ఏమిటమ్మా, రాత్రీ పగలూ. ఓసారి ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయాయి. ఇంకొకరైతే దేవుణ్ని తలుచుకునేవారు. నేను కిటికీలోంచి గొడుగు తెరిచి పట్టుకున్నాను. గాలికి బండి నెమ్మదించింది. తిన్నగా వెళ్లి ఫర్నిచర్ దుకాణం వరండాలో రెండు సోఫాల మధ్య ఆగింది. ఓనరు వచ్చి, 'ఏ రంగు కావాలండీ?' అన్నాడు."

ఆవిడ నవ్వకుండా పలక మీద ఏదో నొక్కింది. "ఇంకేమైనా ప్రమాదాలు?"

అసలు ఇలా అడిగేవాళ్లే దొరకరు నాకు. వరదలో కారు పడవలా తేలిపోయిన సంగతీ, డిక్కీ మూత తెరచాపలా ఎత్తి ఒడ్డుకు చేర్చిన సంగతీ చెప్పాను. గుమ్మంలో నిలబడి మా ఆవిడ దగ్గింది. మెచ్చుకోలు అనుకుని ఎద్దు కథ కూడా కలిపాను.

"వీటికి క్లెయిమ్ చేశారా?"

"నేనా? ఛ!"

ఆవిడ పలకను మా అబ్బాయి వైపు తిప్పింది. వాడు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. అంకె మారలేదు. బుల్లికి చెప్పినదానికంటే ఎక్కువ.

"నాన్నా," అన్నాడు, "ఎద్దు దగ్గరైనా ఆగాల్సింది."

"సరే, బండి చూద్దాం. సార్, ఒకసారి స్టార్ట్ చెయ్యండి," అందావిడ.

హుందాగా వెళ్లి తలుపు తీశాను. నెల రోజులుగా ఆ కారులో సాధన చేస్తున్నది బుల్లి. సీటు స్టీరింగుకు ముద్దు పెట్టేంత ముందుకు జరిగి ఉంది. నేనేమో ఆరడుగుల మనిషిని. ఆలోచించకుండా దూరాను. మోకాళ్లు స్టీరింగు కింద బిగుసుకున్నాయి, గడ్డం హారను మీద ఆనింది. హారను మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి.

"రోజూ ఇలాగే నడుపుతారా సార్?" హారను మీదుగా అరిచిందావిడ.

"ఈ మధ్య కాస్త పొడుగయ్యానమ్మా!"

మా అబ్బాయి నా చెయ్యి పట్టి లాగాడు. బుల్లి వంగి సీటు కింద మీట నొక్కింది. సీటుతో పాటు నేను వెనక్కి జారిపోయాను. హారను ఆగింది.

"మేడమ్," అంది బుల్లి, "కారు నడిపేది నేనే. ఎల్లుండి నుంచి ఉద్యోగానికి తీసుకెళ్లేదీ నేనే. తాతయ్య పేరు పెడితే తగ్గుతుందని అలా చెప్పాం. తప్పే. నా పేరు మీదే రాయండి."

మేమందరం నేల చూపులు చూశాం. ఆవిడ మాత్రం కోప్పడలేదు.

"ఇప్పుడే చెప్పారు, నయం. రేపేదైనా జరిగాక తెలిస్తే మావాళ్లు పైసా ఇవ్వరు. అనుభవం ఉండి, ఒక్క ప్రమాదం కూడా చెయ్యనివాళ్లు నిజంగా అప్పుడప్పుడు నడిపేటట్టయితే రెండో డ్రైవరుగా చేర్చవచ్చు. దాంతో కొంత తగ్గుతుంది. మీ నాన్నగారు?"

"నాకు లైసెన్సు లేదండీ," అన్నాడు మా అబ్బాయి. "ఈయన కథలు వింటూ పెరిగాను. స్టీరింగు ముట్టుకునే ధైర్యం రాలేదు."

ఆవిడ నా వైపు చూసి పెదవి విరిచింది. "సార్ చరిత్ర చూస్తేనేమో..."

"చరిత్రా, పాడా!" అంటూ మా ఆవిడ మెట్లు దిగి వచ్చింది. "ఘాట్ రోడ్డు ఈయన బొమ్మల్లో కూడా చూసి ఉండరమ్మా. కారు కొన్నప్పటి నుంచి దానికి ఒక్క గీత పడలేదు. సైకిళ్లవాళ్లు గంట కొట్టి దాటిపోతారు. ఓసారి రోడ్డు మీద కోడి కూర్చుంటే అది లేచేదాకా ఆగారు. నేను దిగి వెళ్లి సబ్బులు కొనుక్కొచ్చాను. వచ్చేసరికి కోడీ అక్కడే ఉంది, ఈయనా అక్కడే ఉన్నారు. ఇకనుంచి ఆదివారాలు నడపనిస్తాను, నేను పక్కన కూర్చుంటాను. రాసుకోండి."

ఆవిడ పలకలో వెతికింది. "మా రికార్డులోనూ ఏమీ లేదు. సార్, అమ్మగారు చెప్పిందే నిజమా?"

నా గొడుగూ, సోఫాలూ, తెరచాపా కళ్ల ముందు కదిలాయి. ఒక మనిషిని నిలువునా ఊడ్చేసి కోడి ముందు కూర్చోబెట్టారు. డ్రైవరుకు అంతకు మించిన పొగడ్త లేదని తెలుసు. కథలు చెప్పేవాడికి అంతకు మించిన తలవంపూ లేదు. బుల్లి వైపు చూశాను. తాళంచెవి గుప్పెట్లో బిగించి నిలబడింది.

"అక్షరాలా నిజం," అన్నాను. "కాకపోతే ఆ కోడి..."

"ఏమండీ!" అంది మా ఆవిడ.

"ఏమీ లేదు. కోడే."

ఆవిడ ప్రమాదాలు ఒక్కొక్కటే చెరిపేసింది. ఎద్దు పోయింది, వరద పోయింది. ప్రధాన డ్రైవరు బుల్లి, రెండో డ్రైవరు నేను. ప్రీమియం చౌకేమీ కాదు గానీ, మా అబ్బాయి ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు. సాయంత్రానికి పాలసీ వచ్చింది, అప్పుడే బుల్లి దాన్ని క్లినిక్‌కు పంపేసింది.

సోమవారం పొద్దున్నే వెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. చెప్పులు విడవకుండానే వరండా మెట్టు మీద కూలబడింది.

"మొదటి పేషెంటు పెద్దావిడ తాతయ్యా. పడిపోయినప్పటి నుంచీ మంచం దిగలేదట. ఇవాళ బల్ల పట్టుకుని నిలబడింది."

"నిలబడి?"

"నిలబడింది. అంతే. వాళ్లబ్బాయి ఏడ్చేశాడు."

అది లోపలికి వెళ్లాక పక్కింటి రిటైర్డు టైపిస్టు గోడ మీదకు వంగాడు. ఏళ్ల తరబడి నా కథలన్నీ విన్నవాడు. "మనవరాలి ఉద్యోగం మొదలైందటగా, ఏమిటి విశేషాలు?"

"మంచం మీదున్న పెద్దావిడ ఇవాళ లేచి నిలబడింది," అన్నాను.

"తర్వాత?"

"తర్వాతేమీ లేదు. నిలబడింది."

ఆయన గోడ మీద మోచేతులు సర్దుకుని, మిగతాది చెబుతానేమోనని చాలాసేపు చూశాడు. నేను లోపలికి వచ్చేశాను.