మా తమ్ముడు సగం నేసిన కంబళి

మా తమ్ముడు పోయినాడని చెప్పినప్పుడు నేను రాట్నం కాడ ఉన్నా. చేతిలో పిడికెడు ఉన్ని ఉండె. అది వడికిందాకా లేయలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తాంటే మనవరాలు రాస్తాండాది.

కొత్తచెరువు పక్కన మా పల్లెలో వాడు కంబళ్లు నేసేవాడు, నేను వడికేదాన్ని. గొర్రెలోళ్లు తమ మంద ఉన్ని తెచ్చిస్తే ఆ ఉన్నితోనే వాళ్లకు కంబళి. ఒకరి ఉన్ని ఇంకొకరి దాంట్లో కలపనిచ్చేవాడు కాదు. "మనిషికి తెలుస్తాదో లేదో, మంద కాడ కుక్కకు తెలుస్తాది" అనేవాడు.

నేసినంక చింతగింజల గంజి పూసి ఎండేయల్ల. కరువేండ్లలో ట్యాంకరు కాడ బిందెలతో కొట్టుకుంటాంటే, వాడు స్నానం మానుకొని ఆ నీళ్లతో గంజి కాచుకునేవాడు. "కంపు కొడతాండావురా" అంటే, "కంబళి కన్నానా అక్కా?" అని నవ్వేవాడు.

అప్పుడే బండ్ల మీద మిషన్ దుప్పట్లు వచ్చినాయి. పెద్ద పెద్ద పూలు, మెత్తన. ఊరంతా కొనింది. ఒక గొర్రెలాయన వచ్చి, "ఏమప్పా, నీ కంబళి గుచ్చుకుంటాదే" అన్నాడు.

"గుచ్చుకోవల్ల. కాపలా ఉండేటోనికి మెత్తన నిద్ర పడితే తోడేలు ఊరుకుంటాదా?" అన్నాడు వాడు.

ఆ దుప్పట్లు చెడ్డవని నేననను. నేనూ ఒకటి కప్పుకున్నా. మరుసటేడుకు జల్లెడయింది. ఎవరిని అడగల్ల? అమ్మినోడు యాడోడో, నేసిన మిషను యాడుండాదో. మా తమ్ముడు నేసింది పోగు లేస్తే నేరుగా ఇంటికొచ్చి తిట్టేటోళ్లు. వాడు తిట్లు తిని, కుట్టిచ్చి పంపేవాడు. తిట్టేదానికి ఒక మనిషుండే వస్తువు కొనండప్పా. నేను చెప్పేది అంతే.

తమ్మున్ని మన్ను చేసి వచ్చినాక చూస్తే మగ్గం మీద సగం కంబళి ఉండాది. దానికి ఉన్ని ఇచ్చిన గొర్రెలాయన మేత లేక మందనంతా అమ్ముకున్నాడు. ఆ గొర్రెలది ఆయప్పకు మిగిలింది ఈ ఉన్నొక్కటే.

తమ్ముని కొడుకు కత్తెర తెచ్చినాడు. "కోసేస్తానత్తా. ఆయనకు సంతలో మంచి దుప్పటి కొనిస్తా. మగ్గం కట్టెలు ఎవరన్నా అడిగితే ఇచ్చేద్దాం."

"కోస్తే చెత్తయితాది. మీ నాయన మాటిచ్చింది ఈ కంబళికి, సంత దుప్పటికి కాదు."

"మరి నేసేదెవరు? నాకొచ్చునా, నీకొచ్చునా?"

మాలో ఆడోళ్లు వడుకుతారు గానీ నేసేటోడు కూర్చునే మగ్గం గుంతలోకి దిగరు. అప్పుడు తమ్ముని కొడుకు పెండ్లాం, కాపురానికి వచ్చిన కాడ్నుంచి మామకు కండెలకు పోగు చుట్టిచ్చే పిల్ల, గోడకానుకొని ఉండె. "నాకొచ్చు" అనింది. "మామ కునుకు తీసేటప్పుడు దిగేదాన్ని. మామకు తెలుసు. ఊరికే కండ్లు మూసుకొని పడుకునేవాడు."

మొగుడు నోరు తెరిచినాడు. "జనం ఏమంటారే?"

"అనేటోళ్లనే వచ్చి నేయమను" అన్నా నేను.

కత్తెర గూట్లో పెట్టేసినాడు. ఆ పిల్ల చెంగు దోపుకొని గుంతలోకి దిగింది. మగ్గం చప్పుడు మొదలయినాక నేను ఆడనే కూర్చున్నా.

నేత అయినాక ఉన్ని ఇచ్చినాయన కంబళి కోసం వచ్చినాడు. ఇప్పుడు ఇంకొకరి గొర్రెలు కూలికి మేపుతాండాడు. కంబళిని నేల మీద పరిచి బొటనవేలితో తడుముకుంటా పోయినాడు. ఒక చోట వేలు ఆగింది.

"ఈడిదాకా మీ తమ్ముడు" అన్నాడు.

"అవ్ నాయనా."

దాని అవతల నేత కొంచెం వదులు. ఆ పిల్ల తలొంచుకొని ఉండాది. తీసుకోడేమో అనుకొంటి. ఆయన ఆ చోట అరచెయ్యి పెట్టి, చానాసేపు తీయలేదు. తర్వాత కంబళి దులిపి, భుజాల మీద కప్పుకొని, బయట నిలిపిన గొర్రెలను అదిలించినాడు.

వీపు మీద బిగువు నేత, వదులు నేత కలిసిన చోట అడ్డంగా ఒక గీత. గుట్ట మలుపు దాకా, ఆ దుమ్ములో, అది కనపడతానే ఉండె.